వైద్యుడు – పరిపాలన



వైద్యుడు రాజకీయములలో ప్రవేశించుట పిలుపును విడుచుటయేనా?

కీర్తిశేషులు డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో వైద్యులుగా పనిచేసిరి. 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి నెలకొల్పిరి. 1978లో శాసనసభ్యులైరి, 2004లో ముఖ్యమంత్రియైరి. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైనది. గుండె ఆపరేషనుకు పొలమమ్ముకొనవలసిన బీదవాని ఖర్చును ప్రభుత్వమే ఆసుపత్రికి చెల్లించసాగెను.

మంచి సమరయుడు గాయములు కట్టుటతో ఆగలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చెను. మొదటిది వైద్యుని పని. రెండవది పాలకునికిని చెందును.

వారి రాజకీయములన్నిటిని మెచ్చవలెనని నేననను. అయితే మన బిడ్డలు పంచాయతీకి పోటీచేసినప్పుడు లోకస్థులని త్రోసివేయకుడి. ప్రార్థించి పంపుడి, గెలిచినతరువాత రోగికేమి చేసితివని అడుగుడి. ఆమేన్.