మాయబురుజు ఆట: కట్టినవారి హక్కు



అట్టమీద రాజ్యాల పటం గీసి, నడుమ దీపాలూ మీటలూ స్పీకరూ గల బురుజును నిలిపి, అద్భుత గాథల ఆటను స్వయంగా తయారుచేయదలచిన యువతీ యువకులు ఈ సభలో ఉన్నారు. వారికీ, వారి తల్లిదండ్రులకూ ఒక న్యాయవాదిగా నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ కోవలో పేరుపొందిన ఆట 'డార్క్ టవర్'. అమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీ సంస్థ దానిని 1981లో విడుదల చేసింది. గుండ్రని పటంపై నాలుగు రాజ్యాలు, నడుమ బ్యాటరీలతో నడిచే నల్లని బురుజు. మీట నొక్కితే దొంగలు ఎదురవుతారో, నిధి దొరుకుతుందో లోపలి చిప్ నిర్ణయిస్తుంది. తగిన బొమ్మ వెనుక దీపం వెలుగుతుంది, ధ్వని వినిపిస్తుంది. ఇత్తడి, వెండి, బంగారు తాళపుచెవులు మూడూ సంపాదించినవారే బురుజును ముట్టడించగలరు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్యునో వంటి చిన్న పలకలు వచ్చాక ఇటువంటి బురుజును ఇంట్లోనే కట్టుకోవడం సులువైంది. అయితే ముందుగా కాగితంపైనే ఆడి చూచి నియమాలు కుదిరిన తరువాతే తీగలు కలపడం మేలు.

ఈ ఆట వెనుక ఒక వ్యాజ్యం ఉంది. రాబర్ట్ బర్టెన్, ఆలన్ కోల్మన్ అనే ఇద్దరు 'ట్రయంఫ్' అనే ఎలక్ట్రానిక్ ఆటను రూపొందించి అదే సంస్థకు చూపారు. సంస్థ తిరస్కరించింది. డార్క్ టవర్ వెలువడిన తరువాత, తమ రహస్యాన్ని వాడుకున్నారంటూ వారు దావా వేశారు. జ్యూరీ 7 లక్షల డాలర్లకు పైగా పరిహారం నిర్ణయించింది. వారు ముందే సంతకం చేసిన పత్రంలోని షరతును చూపి, విచారణ న్యాయమూర్తి దానిని తోసిపుచ్చారు. గోప్యతను వదులుకున్నట్లు ఆ పత్రం స్పష్టంగా చెప్పలేదని 1985లో అప్పీలు న్యాయస్థానం జ్యూరీ నిర్ణయాన్ని పునరుద్ధరించింది. ఒక్క కాగితంలోని నాలుగు వాక్యాలపై ఇంత పోరాటం!

మన దేశంలో 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంటు రాదు. 1957 నాటి కాపీరైటు చట్టం కూడా వట్టి ఊహను కాపాడదు. బురుజు, తాళపుచెవి అనే ఊహలు అందరివీ. మీ ఊరి తెలుగులో మీరు రాసిన కథనం, గీసిన పటం, రాసిన ప్రోగ్రాము, మీ అమ్మమ్మ అనుమతితో రికార్డు చేసిన పలుకులు మాత్రం రక్షణ పొందుతాయి. నమోదు తప్పనిసరి కాదు, సాక్ష్యంగా ఉపకరిస్తుంది.

కనుక ప్రతి నమూనాకూ తేదీ వేసి ఛాయాచిత్రంతో భద్రపరచండి. ఇతరుల ప్రోగ్రామును వాడుకుంటే దాని షరతులు చదవండి. ఏ సంస్థకైనా ఆటను చూపేముందు గోప్యతను రాతపూర్వకంగా కోరండి. వారిచ్చే పత్రం ఆంగ్లంలో ఉంటే, ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పించుకొని అర్థమైన తరువాతే సంతకం చేయండి. చేతిపని మీది. దానిపై హక్కును తెలియక వదులుకోకండి.