తూటా పొడవు
అమెరికా పశ్చిమసీమ కథలతో తీసిన చలనచిత్రములు చూచినవారు మీట తుపాకిని ఎరుగుదురు. మీటను క్రిందికి త్రోసి మరల పైకి లాగినంతనే ప్రేలిన తూటా డొల్ల బయటపడును, క్రొత్త తూటా లోనికి చేరును. వీనిలో వించెస్టరు సంస్థవారి 1873 నమూనా మిక్కిలి ప్రసిద్ధము. అది 7 లక్షలకు పైగా తయారైనది; 1950లో దాని పేరనే ఒక చలనచిత్రము కూడ వెలువడినది. ఇప్పుడు దాని ప్రతిరూపములను ఇటలీలో ఉబెర్టీవారు, జపానులో మిరోకువారు చేయుచున్నారు. గురిపోటీలకై వీనిని కొన్నవారిలో కొందరు, మీట నడుమ బిగిసిపోవుచున్నదని తయారీదారును నిందింతురు. అట్టివారు మొదట తూటాను కొలిచి చూచుట మంచిది.

ఈ తుపాకిలో తూటాలు సన్నని గొట్టములో ఒకదాని వెనుక ఒకటిగా నుండును. స్ప్రింగు వానిని వెనుకకు నెట్టుచుండును. అన్నిటికంటె వెనుకనున్న తూటా ఒక లోహపు దిమ్మలోనికి జారును. మీట త్రిప్పగనే ఆ దిమ్మ, బావిలోని చేదవలె, తూటాతో నిటారుగా పైకి లేచును. అప్పుడు రెండవ తూటాను ఆపుటకు వేరుగా కొక్కెమేదియు లేదు. దిమ్మలోని తూటాయే తన పొడవుచేత దాని నాపవలెను. తూటా పొడవైనచో దాని ముక్కు గొట్టములోనే చిక్కును, దిమ్మ లేవదు. పొట్టిదైనచో రెండవదాని అడుగంచు దిమ్మలోనికి చొచ్చుకొనివచ్చును, అప్పుడును లేవదు. బలవంతముగా మీటను లాగినచో భాగములు చెడును.

ఆనాటి 44-40 తూటాకు గరిష్ఠ పొడవు 1.592 అంగుళములు. నేటి ప్రతిరూపములు కొన్ని 357 మాగ్నం తూటాకై చేయబడినవి. దాని పొడవు 1.590, ఇంచుమించు సమానమే. అయితే వెనుదన్ను తక్కువని అందులో 38 స్పెషల్ వాడువారు పలువురు. దాని గరిష్ఠ పొడవే 1.550. చదును ముక్కు గుండును లోతుగా దింపినచో ఇంకను తగ్గును. చదును ముక్కు మాత్రము విడువరాదు. కూచిముక్కు గుండు గొట్టములో ముందున్న తూటా అడుగును తాకి ప్రేల్పవచ్చును.

జాన్ బ్రౌనింగు రూపొందించిన 1892 నమూనాలో రెండవ తూటాను ఆపుటకు ప్రత్యేకముగా ఒక భాగమున్నది. కనుక అది పొడవు విషయమున ఇంత పట్టుదల చూపదు. 1873 ప్రతిరూపము గలవారు, తూటాలు స్వయముగా కూర్చుకొనువారైనచో, మందు, ప్రేలుడు టోపీ లేని ఉత్త తూటాలు రెండు మూడు వేర్వేరు పొడవులలో చేసి, మీటను మెల్లగా నడిపి, ఏ కొలతకు దిమ్మ తడబడక లేచునో చూచుకొనవలెను.