పరమాణు గర్భమునకు కొలగొలుసు
(ఉపన్యాస పాఠము)



ఈ కరవు సీమలో అరచేయి చాచి నిలిచినచో వానచినుకు పడకపోవచ్చును గాని, సెకనునకు ఒకటి రెండు చొప్పున మ్యూయానులు ఆ చేతిగుండ దూసికొనిపోవుచునే యుండును. మ్యూయాను ఎలెక్ట్రానుకు అన్నగారి వంటిది. బరువు 207 రెట్లు. ఆయుష్షు మాత్రము సెకనులో పదిలక్షలవ వంతులు రెండింటికి కొంచెము పైన.

అనంతపురమునకు దక్షిణమున కోలారు బంగారు గనులు కలవు. తెలుగు కూలీలును చెమటోడ్చిన ఆ గనులలో టాటా మౌలిక పరిశోధన సంస్థవారు మ్యూయానులు రాతిలో ఎంత లోతు దిగునో లెక్కించిరి. 1960 దశకపు తొలినాళ్లలో మియాకే, నరసింహము, రమణమూర్తి గార్లు మిక్కిలి లోతైన మట్టమున సుమారు రెండు నెలలు కాచుకొనినను ఒక్కటియు చేరలేదు.

ఇట్లు దారిలో వేగముడిగి నిలిచిన ఋణ మ్యూయానును ఏదో ఒక పరమాణువు పట్టుకొనును. ఎలెక్ట్రాను గట్టుమీద నిలిచి బావిలోతు ఊహించువాని వంటిది. మ్యూయానో, బరువైనది గనుక, 207 రెట్లు దగ్గరగా కేంద్రకము కడకు దిగును. మెట్టు మెట్టు దిగునపుడెల్ల ఎక్సు కిరణము వెలువడును. ఆ కిరణపు శక్తియే మెట్టు ఎత్తును చెప్పును.

సీసపు పరమాణువులో మ్యూయానుకు అడుగుమెట్టు కేంద్రకము లోపలనే యున్నది. లోపల చేరినదానిని వెలుపలి ఆవేశము లాగజాలదు. కావున పట్టు సడలును. కేంద్రకము వట్టి బిందువైనచో కడపటి మెట్టున 14 మిలియను ఎలెక్ట్రాను వోల్టులకు మించి రావలసియుండెను. 1953లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిచ్, రెయిన్‌వాటరు కొలువగా ఇంచుమించు ఆరు మాత్రమే వచ్చినది. కేంద్రకమెంత పెద్దదైన ఈ అంకె అంత తగ్గును. దీనినిబట్టి లెక్కింపగా, కేంద్రక వ్యాసార్ధము అంతవరకు నమ్మినదానికంటె ఏడింట ఒక వంతు తక్కువని తేలినది! యురేనియము వంటి కేంద్రకములు కొబ్బరికాయవలె సాగియుండుటచేత అందలి మెట్లు చీలియు కనబడును.

ఇక ఉదజని సంగతి. 2010లో స్విట్జర్లాండున, ఎలెక్ట్రాను స్థానమున మ్యూయానునుంచి ప్రోటానును కొలిచిరి. పాత లెక్కకంటె నూటికి నాలుగు వంతులు తక్కువ వచ్చినది. పొలము కొలతలో అంత తేడా వచ్చినచో జమాబందిలో ఏ రైతు ఊరకుండును? గొలుసు తప్పా, కొలిచిన చేయి తప్పా, లేక ప్రకృతి సూత్రమే తప్పా యని పండితులు ఏండ్ల తరబడి తర్కించిరి. సామాన్య ఉదజనినే మరల కొలువగా, 2017లో జర్మనీవారికి చిన్న అంకె వచ్చినది. 2018లో పారిసువారికి మరల పెద్దదే వచ్చినది. 2019లో టొరంటోవారికి చిన్నదే. 2018 సంవత్సరపు అంతర్జాతీయ స్థిరాంకముల పట్టికలో మాత్రము చిన్న అంకెయే ఎక్కినది.