పాత యెర్రవైన్ — మన నాలుక
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



బరోలో అనే ఇటలీ వైన్ గురించి మాట్లాడతానన్నప్పుడు కార్యవర్గంలో కొందరు నవ్వారు, కొందరు నొసలు చిట్లించారు. నొసలు చిట్లించినవారితో నాకు తగవు లేదు. జీతం చేతికందిన రాత్రే సారాకొట్టు పాలైన కొంపలు మన కామాఠీపురా చాళ్లలో యెన్నో. 2015 లో మాల్వణీలో మిథనాల్ కలిసిన సారా నూరుమందికి పైగా ప్రాణాలు తీసింది. నేను చెప్పబోయేది రుచిని గురించి. మత్తు లేదని మాత్రం అనను. బరోలోలో నూటికి 13 పాళ్లకు తగ్గకుండా ఆల్కహాలు వుంటుంది.

మన కల్లుకు వయస్సు లేదు. తెల్లవారి దించిన తీపికల్లు సాయంత్రానికి పులిసి, మర్నాటికి నోట పెట్టలేనంత పుల్లనవుతుంది. అందుకని కల్లు నీచం, వైన్ నాగరికం అంటే నేనొప్పను. దేని ధర్మం దానిది. బరోలోది నిలువలో పండే ధర్మం. ఉత్తర ఇటలీలో ఆల్బా పట్నం దగ్గరి కొండవాలులలో నెబియోలో అనే ఒకే జాతి ద్రాక్షతో చేస్తారు. అక్కడి చట్టం ప్రకారం 38 నెలలైనా నిలువ చేయాలి. అందులో 18 నెలలు కొయ్యపీపాలో. అప్పటికీ కరక్కాయ కొరికినట్లు నోరంతా వగరే! పండు తొక్కనుంచీ గింజనుంచీ వచ్చిన ఆ వగరు యేళ్లు గడిచినకొద్దీ మెత్తబడుతుంది, కొంత మడ్డియై అడుగున దిగుతుంది. కొత్తావకాయకూ, ఊరిన ఆవకాయకూ భేదం తెలిసినవారికి ఇంకేం చెప్పను?

పాతబడిన బరోలో అంచున ఇటుకరంగు కనిపిస్తుంది. వాసనకు రసికులు రెండు పోలికలు చెబుతారు: గులాబీ, తారు. యీ నగరపు రోడ్లమీద తారు కాచిన పాలమూరువారికి ఆ రెండోది వర్ణించనక్కరలేదు. మెచ్చుకోమంటే మాత్రం నన్ను తన్నేటట్టున్నారు! అయినా ఇదేమీ దొరల విద్య కాదు. వగరు, పులుపు, చేదు యీ రోజున పసిపిల్లల నాలుకకు సైతం రాస్తున్నాము గదా.

మనవారు మగ్గాలు నేసిన సోలాపురం జిల్లాలోనే, అక్లూజ్‌లో, ఫ్రతెల్లి అనే సంస్థ ఇటలీ జాతి ద్రాక్ష సాంజోవేసే పండిస్తున్నది. ఫ్రతెల్లి అంటే అన్నదమ్ములు. అది బరోలో కాదు, టస్కనీ సీమ జాతి. అయితే వగరుకు లోటు లేదు.

పాత సీసా దొరికితే ముందురోజే నిలువుగా నిలబెట్టండి. సున్నపుతేట వంచినట్లు మెల్లగా వంచి, మడ్డి కనబడగానే ఆపండి. ముంబయి గదుల వేడి దానికి పనికిరాదు. 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. ఖాళీ కడుపున వద్దు; కారం తక్కువైన మాంసపు కూరతో బాగుంటుంది. ఒక సీసా ఆరుగురికి చాలు. 1949 నాటి మద్యనిషేధ చట్టం మన రాష్ట్రంలో ఇంకా బతికే వున్నది, పర్మిట్టు మరువకండి.