‘ప్రత్యక్ష ప్రసారం’ ఎంత ప్రత్యక్షం?

ఈ రోజు మన పాఠం ఒక హోటల్ గుమ్మం ముందు మొదలవుతుంది. అండమాన్ దీవుల ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్‌ను ఒకసారి ఊహించుకోండి. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. మన తీర జిల్లాల నుంచి ఓడ ఎక్కి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కాబట్టి మనం ఊహించుకునే హోటల్ యజమాని కూడా శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లినవాడే అనుకుందాం. ఆయన గుమ్మం ముందు ఒక బోర్డు పెట్టాడు: “ఈ ఆదివారం సాయంత్రం 6.30కి కార్ల రేసు. పెద్ద తెర మీద ప్రత్యక్ష ప్రసారం.”

ఈ బోర్డులో ఒక విజ్ఞానశాస్త్ర ప్రశ్న దాగి ఉంది. తెర మీద కారు మలుపు తిరిగిన క్షణానే అక్కడ ఐరోపాలో కూడా తిరుగుతోందా? కాకపోతే ఎంత ఆలస్యం? ఆ ఆలస్యం ఎక్కడ పుడుతుంది? దానివల్ల ఎవరికి నష్టం? ఒక్కొక్కటిగా చూద్దాం.

హోటల్‌లో రేసు ఎందుకు?

ఒకప్పుడు మన ఊళ్లలో క్రికెట్ కామెంటరీ వినడానికి జనం టీ కొట్టు రేడియో చుట్టూ మూగేవారు. విన్నంతసేపూ టీలు అమ్ముడయ్యేవి. నేడు బార్లు, రెస్టారెంట్లు పెద్ద తెర పెట్టి ఆటలు చూపడంలో ఉన్నదీ అదే సూత్రం. ఫార్ములా వన్ రేసు సుమారు 305 కిలోమీటర్లు. మధ్యలో అంతరాయాలు లేకపోతే రెండు గంటల లోపు ముగియాలని నియమం. అంటే వచ్చినవాడు దాదాపు రెండు గంటలు కుర్చీ వదలడు.

ఇది లాభమేనా? మామూలుగా ఒక మనిషి 40 నిమిషాల్లో తిని లేస్తాడనుకోండి. రెండు గంటల్లో ఆ కుర్చీలో ముగ్గురు కూర్చోవచ్చు. రేసు రోజున ఒక్కడే కూర్చుంటాడు. కాబట్టి రద్దీగా ఉండే వేళ రేసు చూపితే నష్టం. కుర్చీలు ఖాళీగా ఉండే వేళ చూపితే లాభం. ఐరోపాలో వేసవిలో మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే రేసు మనకు సాయంత్రం 6.30కి వస్తుంది. రాత్రి భోజనాల రద్దీకి ముందు సమయం అది. యజమాని లెక్క సరిగ్గానే ఉంది.

ఆయనకు భూగోళం కూడా కలిసొచ్చింది. భారత ప్రామాణిక కాలానికి ఆధారం కాకినాడ సమీపం నుంచి పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. తేడా 10.2 డిగ్రీలు, అంటే సుమారు 41 నిమిషాలు. గడియారం ఒకటే అయినా అక్కడ సూర్యుడు అంత ముందుగా నడుస్తాడు. జూన్ నెలలో పోర్ట్ బ్లెయిర్‌లో 5.45 ప్రాంతంలోనే సూర్యాస్తమయం. హైదరాబాదులో 6.50 అవుతుంది. ప్రొజెక్టర్ నల్లరంగును సృష్టించలేదు. తెర మీద వెలుగు పడని చోటే మనకు నలుపుగా కనిపిస్తుంది. పగటి వెలుతురు పడితే ఆ నలుపు బూడిదరంగుకు దిగి బొమ్మ వెలిసిపోతుంది. 6.30కి ఆరుబయట బొమ్మ స్పష్టంగా కనపడటం పోర్ట్ బ్లెయిర్‌లో సాధ్యం, హైదరాబాదులో కష్టం.

ఆకాశం మీదుగా పావు సెకను

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రేసు జరిగే చోటి నుంచి దృశ్యం ప్రసార సంస్థకు చేరుతుంది. అక్కడి నుంచి భూస్థిర ఉపగ్రహానికి ఎక్కి, తిరిగి మన కప్పు మీది డిష్‌లోకి దిగుతుంది. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు సరిగ్గా పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎక్కడానికి, దిగడానికి కలిపి కనీసం 71,572 కిలోమీటర్లు. విద్యుదయస్కాంత తరంగాల వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. భాగహారం చేయండి: 0.24 సెకను. సుమారుగా పావు సెకను.

గంటకు 300 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 83 మీటర్లు. పావు సెకనులో కారు 20 మీటర్లు ముందుకు పోతుంది. అంటే మీరు తెర మీద చూస్తున్న చోట కారు లేదు. దాదాపు నాలుగు కార్ల పొడవు ముందుకు వెళ్లిపోయింది. కేవలం ఒక ఉపగ్రహం వల్ల వచ్చిన ఆలస్యం ఇది. బొమ్మను కుదించి పంపడానికి, మళ్లీ విప్పడానికి పట్టే కాలం కలిపితే ఆలస్యం కొన్ని సెకన్లు అవుతుంది.

ఉపగ్రహ మార్గంలో మరో చిక్కు వాన. నైరుతి రుతుపవనాలు మే మూడో వారం ప్రాంతంలో ముందుగా తాకేది ఈ దీవులనే. ఏడాదికి అక్కడ సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఐరోపా రేసులు ఎక్కువగా జరిగేది కూడా ఆ నెలల్లోనే. ఇళ్ల మీది చిన్న డిష్‌లు అందుకునే తరంగాల పౌనఃపున్యం 11, 12 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో, తరంగదైర్ఘ్యం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. పెద్ద డిష్‌లు వాడే 4 గిగాహెర్ట్జ్ తరంగాల పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. వాన చినుకు కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. తరంగం ఎంత పొట్టిదైతే చినుకులు దాన్ని అంత ఎక్కువగా పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. జడివానలో చిన్న డిష్ బొమ్మ ఆగిపోవడానికి కారణం ఇదే.

సముద్రం అడుగున దగ్గరి దారి

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్, నికోబార్ దీవులకు సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైంది. దీని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్‌ను చెన్నైతో, మరో ఏడు దీవులను పోర్ట్ బ్లెయిర్‌తో కలుపుతుంది. అంతకుముందు దీవులవారి టెలిఫోను, ఇంటర్‌నెట్ ప్రధానంగా ఉపగ్రహం మీదే ఆధారపడేవి. ఆ ఇరుకు దారిని అందరూ పంచుకోవలసి వచ్చేది.

గాజు తంతువులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు తిన్నగా దాదాపు 1,360 కిలోమీటర్లు. కేబుల్ వంపులు కలిపి 1,500 అనుకుందాం. పట్టే కాలం 0.0075 సెకను. ఉపగ్రహ మార్గంతో పోలిస్తే ముప్పయ్యో వంతు.

మరి అలాగైతే కేబుల్ ద్వారా ఇంటర్‌నెట్‌లో చూసేవాడికి రేసు ముందు కనపడాలి కదా? విచిత్రంగా చాలాసార్లు తలకిందులవుతుంది. దారి దగ్గరదే, కానీ సరుకు కట్టే పద్ధతి వేరు. ఇంటర్‌నెట్ ప్రసారంలో దృశ్యాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కత్తిరించి పంపుతారు. మధ్యలో ఒక ముక్క ఆలస్యమైనా బొమ్మ ఆగకుండా ఉండాలని, మన పరికరం కొన్ని ముక్కలను ముందుగా నిల్వ చేసుకుని ఆ తర్వాతే చూపడం మొదలుపెడుతుంది. దీంతో ఆలస్యం 20, 30 సెకన్లకు చేరవచ్చు.

అది ఎంత దూరమో హైదరాబాదు ఉదాహరణతో చూద్దాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన, సచివాలయం పక్కగా విద్యుత్ కార్ల పందెం ‘ఫార్ములా ఈ’ జరిగింది. చుట్టు పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు. విజేత ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్. సగటు వేగం గంటకు 130 కిలోమీటర్లు అనుకుంటే, 30 సెకన్లలో కారు కిలోమీటరు పైనే పోతుంది. అంటే చుట్టులో మూడో వంతుకు మించి దాటిపోతుంది.

హోటల్ యజమానికి ఇది చిన్న విషయం కాదు. పక్క హోటల్‌లో డిష్, ఈయన దగ్గర ఇంటర్‌నెట్ ఉన్నాయనుకోండి. పక్కవాళ్ల కేకలు వినపడిన అరనిమిషానికి ఈయన తెర మీద కారు ముందుకొస్తుంది. ఉత్కంఠే ఆయన అమ్మే సరుకు. అది పక్క గోడ దాటి ముందే కారిపోయింది.

ఆయన మరొకటి కూడా తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 37వ సెక్షను ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్లపాటు ప్రత్యేక హక్కు ఇచ్చింది. అనుమతి లేకుండా రుసుము తీసుకుని ప్రజలకు చూపడం ఉల్లంఘన. ఇంటి కోసం తీసుకున్న కనెక్షన్ వేరు, వ్యాపారం కోసం తీసుకునేది వేరు.

అసలైన ఆలస్యం

ఇంతవరకు బొమ్మ ఆలస్యం చూశాం. ఇక చూసేవాడి ఆలస్యం. ఫార్ములా వన్ రేసు ఆరంభంలో ఐదు ఎర్ర దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కొంతసేపటికి అన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. ఎప్పుడు ఆరుతాయో ముందుగా తెలియదు. ఆరిన తర్వాత డ్రైవర్ కదలడానికి పట్టేది సుమారు 0.2 సెకను. దీన్ని ప్రతిచర్యా కాలం అంటారు. కన్ను చూడాలి, మెదడు గుర్తించాలి, కండరానికి ఆజ్ఞ వెళ్లాలి.

మద్యం ఈ గొలుసును ప్రతి కొక్కెం దగ్గరా నెమ్మది చేస్తుంది. మెదడులో నాడీకణాల మధ్య సంకేతాలను అణచివేస్తుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, నెమ్మదించిన సంగతి మనిషికి తెలియనివ్వదు. రెండు గంటలు వేగాన్ని చూస్తూ తాగినవాడు బండి తాళం చేతిలోకి తీసుకుంటాడు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. అతని ప్రతిచర్య పావు సెకను ఆలస్యమైతే, బ్రేకు మీద కాలు పడేలోగా బండి దాదాపు 3 మీటర్లు అదనంగా పోతుంది. రోడ్డు దాటుతున్న పిల్లవాడికీ బండికీ మధ్య ఉన్న దూరం ఆ 3 మీటర్లే కావచ్చు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటి తప్పుకు శిక్ష 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే దాన్ని తగ్గించుకోగలదు. రక్తంలో 90 ఉన్నవాడు 30కి దిగడానికి నాలుగు గంటలు కావాలి. కాఫీ తాగినా, చల్లనీళ్లు పోసుకున్నా ఆ లెక్క మారదు. ఎందుకంటే పని చేస్తున్నది కాలేయం. దానికి తొందర తెలియదు.

మీరు చేయవలసిన ప్రయోగం

మీ పెట్టెలోని 30 సెంటీమీటర్ల స్కేలు తీయండి. స్నేహితుణ్ణి దాన్ని నిలువుగా పట్టుకోమనండి. సున్నా గీత దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తాకీ తాకకుండా ఉంచండి. అతను చెప్పకుండా వదలాలి, మీరు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో చూడండి. స్వేచ్ఛా పతన సూత్రం ప్రకారం 20 సెంటీమీటర్లయితే 0.20 సెకను. స్కేలంతా జారిపోతే 0.25 సెకను. పదిసార్లు చేసి సగటు తీయండి. తర్వాత మీరే ఒక చేత్తో సెల్‌ఫోన్‌లో సందేశం చదువుతూ మరోసారి చేయండి. అంకెల తేడా మీ నోటుపుస్తకంలో రాసుకోండి.

గమనించారా? స్కేలు పడటానికి పట్టిన పావు సెకనులోనే ఒక దృశ్యం ఉపగ్రహానికి ఎక్కి దిగివచ్చింది. ఆ ఆలస్యంతో పోయేది హోటల్‌లో ఒక కేక మాత్రమే. అదే పావు సెకను రోడ్డు మీద పోతే ఒక ప్రాణం పోవచ్చు. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని ఎవరైనా తాగి బండి తీయబోతే ఆ స్కేలు వారి చేతికివ్వండి. పట్టుకోమనండి. పట్టుకోగలిగినా తాళం మాత్రం ఇవ్వకండి.