తల్లి వైద్యం – ఆమె హక్కు

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌ను స్తుతిస్తూ, దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై దరూద్ పంపుతూ ప్రారంభిస్తున్నాము.

సోదరులారా! ఈ మస్జిదులో బారులు తీరి కూర్చున్న మనమందరం ఎవరో ఒక తల్లికి కుమారులమే. తండ్రికి ఛాతీలో నొప్పి వస్తే అర్ధరాత్రి అయినా ఆటో పిలిచి పట్నం ఆసుపత్రికి పరుగెత్తుతాము. తల్లికి చూపు మసకబారితే ‘వయసు మీద పడింది కదా’ అంటాము. శుక్లం చిన్న శస్త్రచికిత్సతో తొలగేదే. అయినా ప్రపంచంలో చూపు కోల్పోయినవారిలో స్త్రీలే అధికం. అడిగితే ‘నాకేం, బాగానే ఉన్నాను’ అంటుంది తల్లి.

ఆమె చేతిలో పైసా లేదు. అందుకే నోరు విప్పదు. ఆరోగ్యశ్రీ గాని, 2024లో 70 ఏళ్ళు నిండిన వారందరికీ వర్తింపజేసిన ఆయుష్మాన్ భారత్ గాని ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చునే భరిస్తాయి. నెలనెలా బీపీ, షుగరు మాత్రలకు, బస్సు చార్జీలకు ఆమె కొడుకు ముందు చెయ్యి చాపవలసిందే.

ఆ డబ్బు నిజంగా కొడుకుదేనా? భర్త వదలి వెళ్ళిన ఆస్తిలో సంతానం ఉంటే ఎనిమిదవ వంతు, లేకుంటే నాలుగవ వంతు భార్యకు చెందుతుందని సూరా అన్నిసాలో అల్లాహ్ నిర్ణయించాడు. చెల్లించని మహర్ భర్త మీద అప్పు. పంపకానికి ముందే తీర్చవలసినది. మరి మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? జనాజా లేవకముందే ‘మహర్ మాఫ్ చేశానని చెప్పు’ అంటారు. ఏడుస్తున్న ఆ స్త్రీ తల ఊపితే అది మనస్ఫూర్తిగా వదులుకున్నట్లా? తరువాత ఇల్లు, పొలం అన్నదమ్ములు పంచుకుంటారు. ‘అమ్మకెందుకు, మేము చూసుకోమా’ అంటారు. కొన్నేళ్ళకు ఆమె కంటి ఆపరేషన్‌కు కొంత సొమ్ము ఇచ్చి, దానిని తమ సేవగా నలుగురిలో చెప్పుకుంటారు. ఆ సొమ్ము ఆమెదే!

లేడీ డాక్టర్ లేదని ఏళ్ళ తరబడి వాయిదా వేసేవారూ ఉన్నారు. అవసరం ఏర్పడినప్పుడు పురుష వైద్యుని వద్ద చికిత్స పొందడానికి ధర్మవేత్తలు అనుమతించారు. కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) ను దైవప్రవక్త (స) పంపినది రుఫైదా (రజి) అనే మహిళ వద్దకే కదా!

నేడు ఇంటికి వెళ్ళాక ‘ఎలా ఉన్నావమ్మా’ అని మాత్రమే అడగకండి; ఆమె జవాబు మనకు తెలిసినదే. ఆమె మాత్రల డబ్బా తెరిచి చూడండి. తండ్రి ఆస్తి కాగితాలు కూడా బయటికి తీయండి. ఆమె వాటా ఎంతో లెక్క కట్టి, ఆమె చేతికే ఇవ్వండి.

అల్లాహ్ మన వృద్ధులకు స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.