మన ఇంటి నక్షత్రానికి ఏ రంగు?

(ఆగమనకాలంలో రాయచూరు జిల్లా తెలుగు సంఘాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్లలో ఒకటే చర్చ. నక్షత్రం ఎప్పుడు కడదాం? ఏ రంగుది కొందాం? రాయచూరు తీన్ కందీల్ వైపు వెళితే, పేరులోనే మూడు దీపాలున్న ఆ చోట, చూసిన ప్రతి రంగూ కొనాలనిపిస్తుంది. పిల్లలు ఎర్రది అంటారు, తల్లి తెల్లది అంటుంది. ఇంతలో ఇంట్లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. "ఆకుపచ్చ వద్దు, సాయిబుల ఇల్లనుకుంటారు." "నీలం వద్దు, దళిత సంఘం వాళ్లనుకుంటారు." "కాషాయం ఊసే ఎత్తకండి."

ఇవి నవ్వేసి వదిలేసే మాటలు కావు. మన జిల్లాలో కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే సంతలో వినిపిస్తాయి. జెండా రంగు చూసి వీధి ఎవరిదో చెప్పడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఇక్కడ రంగు అలంకారం మాత్రమే కాదు, చిరునామా కూడా. కాబట్టి ఇంటి బయట ఏ దీపం పెట్టాలన్న ప్రశ్నను ఈరోజు వాక్యపు వెలుగులో చూద్దాం.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. క్రిస్మస్ దీపాలకు ఫలానా రంగే ఉండాలని లేఖనాల్లో ఎక్కడా లేదు. సంఘం తన ఆరాధనలో రంగులకు అర్థాలు పెట్టుకుంది. ఆగమనకాలానికి ఊదా, అది పశ్చాత్తాపానికీ ఎదురుచూపుకూ గుర్తు. క్రిస్మస్‌కు తెలుపు, అది సంతోషానికి గుర్తు. హతసాక్షులకు, పెంతెకొస్తుకు ఎరుపు. మామూలు ఆదివారాలకు ఆకుపచ్చ, అది ఎదుగుదలకు గుర్తు. సాయిబుల రంగని మనం పక్కన పెడుతున్న ఆకుపచ్చే సంవత్సరంలో ఎక్కువ వారాలు మన బలిపీఠం మీద ఉంటుంది!

ఇక దీపాల సంగతి. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిఖ్ విఖర్న్ అనే దైవసేవకుడు దిక్కులేని పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని ఆ పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక చక్రం మీద కొవ్వొత్తులు నిలిపి రోజుకొకటి వెలిగించాడు. ఈనాటి ఆగమనకాలపు కొవ్వొత్తుల ఆచారానికి అదే మొదలు. విద్యుత్ దీపాల సంగతి వేరు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ కంపెనీకి చెందిన ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల బల్బులు 80 కట్టించాడు. ఒకటి పేద పిల్లల ఎదురుచూపులోంచి, ఇంకొకటి కొత్త సరుకును లోకానికి చూపించాలన్న ఉత్సాహంలోంచి వచ్చింది. దీపానికి అర్థం దాని రంగులోనే లేదు. అది ఎవరికోసం వెలిగిందన్నదే దాని అర్థం.

ఇంటి బయట గుర్తు పెట్టడమంటే ఏమిటో మాత్రం లేఖనాలు బాగా చెబుతాయి. ఐగుప్తులో బానిసల ఇళ్ల ద్వారబంధాల మీద రక్తపు గుర్తు ఉంది. యెరికోలో ఊరంతా చిన్నచూపు చూసిన రాహాబు కిటికీకి తొగరుదారం ఉంది. రెండూ ఎరుపే, రెండూ బయటికి కనబడేవే. ఆ గుర్తులు లోపలి మనుషుల ప్రాణాలు కాపాడాయి.

బేత్లెహేము నక్షత్రం కథ ఇంకాస్త క్లిష్టమైనది. అది జ్ఞానులకు దారి చూపింది. కానీ హేరోదు అదే నక్షత్రం ఎప్పుడు కనబడిందో జ్ఞానులను రహస్యంగా అడిగి తెలుసుకున్నాడు. ఆ లెక్క ప్రకారమే రెండేళ్లలోపు మగపిల్లలను చంపించాడు. వెలుగును వెదికేవారికి దారి చూపే గుర్తే అధికారం చేతిలో పడితే ఇంటి ఆచూకీ అవుతుంది. క్రిస్మస్ ప్రసంగాల్లో మనం ఈ భాగాన్ని తొందరగా దాటేస్తాం. ఈరోజు ఇక్కడ ఆగుదాం.

ఎందుకంటే మన కేరిలో కొన్ని ఇళ్ల మీద నక్షత్రం ఉండదు. ఆ ఇంటివాళ్లు ఆదివారం ఆరాధనకు వస్తారు, కానుక వేస్తారు, పాటలు పాడతారు. డిసెంబరులో మాత్రం ఇంటి ముందు దీపం కట్టరు. "విశ్వాసం తక్కువ, మనుషులకు భయపడతారు" అని మనలో కొందరు గుసగుసలాడతారు. అలా అనేముందు చట్టం ఏం చేసిందో చూడాలి.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో హిందువులు కానివారిని షెడ్యూల్డ్ కులాల జాబితా నుంచి తప్పించారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు, ముస్లింలైన దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపు షరతును తీసేయమని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కాలేదు. ఈ షరతు వల్ల పోయేది ఉద్యోగాల్లో, చదువుల్లో రిజర్వేషన్ ఒక్కటే కాదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఇచ్చే రక్షణా పోతుంది. కొట్టేవాడు కులం చూసే కొడతాడు, కేసు పెట్టేటప్పుడు మాత్రం మతం అడ్డొస్తుంది.

సూసై అనే చెప్పులు కుట్టే కార్మికుని కేసు గుర్తుంచుకోండి. మద్రాసులో ప్రభుత్వం చెప్పులు కుట్టేవారికి ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆయన ఆది ద్రావిడుడే, చేసే పనీ అదే, కూర్చునేదీ ఆ రోడ్డు పక్కనే. క్రైస్తవుడు కాబట్టి ఆయనకు బంకు రాలేదు. క్రైస్తవంలోకి వచ్చాక కూడా ఆ కుల వెనుకబాటు అంతే తీవ్రంగా కొనసాగుతోందని ఆధారాలతో చూపలేదంటూ 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది.

తోలుపని, కూలిపని చేసే మన జిల్లా కుటుంబాలకు ఈ కథ వివరించనక్కర్లేదు. కూతురి కాలేజీ సీటు కుల ధ్రువపత్రం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఇంటి మీద కట్టిన నక్షత్రం తమ మీద సాక్ష్యమవుతుందేమోనని ఆ తల్లి భయపడుతుంది. మనకు ఆ నక్షత్రం ఖరీదు బజారులో ఇచ్చిన డబ్బే. ఆమెకు అది బిడ్డ భవిష్యత్తు. ఆ తల్లిని పిరికిదనడానికి మనమెవరం?

ఇంకో మాట. "క్రైస్తవంలో కులం లేదు" అని మనం వేదికల మీద చెబుతాం. పెళ్లి సంబంధం వచ్చేసరికి ఏం అడుగుతాం? సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో ఉన్న తెలుగువాళ్లకూ, కేరిలోని వాళ్లకూ మధ్య ఎన్ని పెళ్లిళ్లు జరిగాయి? ఒకే రంగు నక్షత్రాలు కట్టినా కలిసి భోంచేయకపోతే ఆ వెలుగు ఎవరిది?

కాబట్టి ఈ సంవత్సరం మన సంఘాలు మూడు పనులు చేయాలని కోరుతున్నాం.

ఒకటి. ఇంటి మీద నక్షత్రం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఎవరి విశ్వాసాన్నీ తూచవద్దు. కాపరులు, పెద్దలు ఈ విషయంలో ముందుండాలి.

రెండు. నక్షత్రం కట్టగలిగినవారు ఏ రంగుదైనా నిర్భయంగా కట్టండి. పక్కింటివారి రంగని ఆకుపచ్చను వద్దనకండి. నీలానికి అసలే సిగ్గుపడకండి. 1942లో అంబేద్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండాది నీలమే. మీకు తెలుసో లేదో, మనం కొనే తెల్లని ఎల్‌ఈడీ బల్బుల్లో ఎక్కువ వాటి లోపల వెలిగేది నీలి దీపమే, పసుపు పూతతో కలిసి అది తెల్లగా కనబడుతుంది. నీలి ఎల్‌ఈడీని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. లోపలి నీలాన్ని తీసేస్తే బయటి తెలుపు ఉండదు. మన సంఘాలు కూడా అంతే. వాటిని కట్టిన చేతులు ఎవరివో మరిచిపోవద్దు.

మూడు. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో 1,720 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్న జిల్లా మనది. అయినా చీకటి పడ్డాక ఆడపిల్లలు భయపడుతూ నడిచే సందులు మన ఊళ్లలో ఉన్నాయి. ప్రతి సంఘం తన అలంకరణ ఖర్చులో సగం తీసి, అలాంటి ఒక సందులో ఏడాది పొడవునా వెలిగే దీపం పెట్టించాలి. పంచాయతీని అడిగి పెట్టించగలిగితే ఇంకా మంచిది, అది మన హక్కు. ఆ దారిన నడిచేవారిది ఏ మతమని ఆ దీపం అడగదు.

ప్రతి ఆగస్టు 10న 1950 ఉత్తర్వుకు నిరసనగా నల్లజెండాలు పట్టుకుంటున్నాం. ఆ ఉత్తర్వు మారేవరకు పట్టుకుందాం. ఆ తల్లి కూడా భయం లేకుండా తన గుమ్మం ముందు తనకు నచ్చిన రంగు నక్షత్రం కట్టుకునే డిసెంబరు కోసం ప్రార్థిద్దాం, పోరాడుదాం. చీకటిలో నడిచే జనానికి వెలుగుగా వచ్చిన ప్రభువు మనకు తోడై ఉండును గాక. ఆమేన్.